తెరచాప పడవకు పట్టిన బూజు

నేను ఒక తెరచాప పడవని. పడవ అనగానే ఏ తాటిదోనెనో ఊహించుకోకండి, నాకు కోపం వస్తుంది. నా కడుపులో ఒక గది ఉంది. అందులో మొగుడూ పెళ్లాం కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, కూర వండుకోవచ్చు, తలుపేసుకుని పోట్లాడుకోవచ్చు. తాళ్లరేవు వడ్రంగులు టేకు చెక్క ఏరి ఏరి నన్ను కట్టారు. నీళ్లలోకి దింపిన రోజున కాకినాడ రేవంతా నన్నే చూసిందని గొప్పలు చెప్పను. చూడనివాళ్లకి ఏదో పని ఉండి ఉంటుంది.

నన్ను కట్టించుకున్నది ఒక ఇంజినీరుగారు. ఆయన కళ్లకి నా టేకు గోడలు నాటుగా కనిపించాయి. లోపలంతా ఎర్ర రెక్సిన్ అంటించి, మందపాటి పరుపులు కుట్టించి, కిటికీలు బిగించేశారు. చూసినవాళ్లు ఆహా ఓహో అన్నారు. రెక్సిన్ వెనకాల ఏం మొలుస్తోందో చూడాలని ఎవరికీ తోచలేదు. వాసన మొదలైనప్పుడు అగరొత్తులు వెలిగించారు. అగరొత్తులకీ లొంగకపోయేసరికి నన్ను అమ్మేశారు. చదువుకున్నవాళ్లు జబ్బు కన్నా ముందు జబ్బు వాసనకి మందు వెతుకుతారని అప్పుడే తెలుసుకున్నాను.

అలా ఓలేటి దానయ్య చేతికి వచ్చాను. గాలి వాటం చూసి తెరచాప ఎత్తడంలో ఆ రేవులో అతన్ని మించినవాడు లేడు. అందరూ ఇంజను పడవలకి ఎగబడుతుంటే, "ఊరికే వచ్చే గాలుండగా డీజిలెందుకురా" అనేవాడు. అతను తెరచాప విప్పి నన్ను సముద్రం మీదికి తోలినప్పుడు, నేను పుట్టింది పరుపులు మోయడానికి కాదని నాకు అర్థమయింది.

దానయ్యకి నేనంటే ప్రాణం. ఆ ప్రేమే నా కొంప ముంచింది. ప్రతి అమావాస్యకీ సముద్రపు నీళ్లు తోడి నా గదంతా కడిగేవాడు. గంగమ్మ తల్లి నీళ్లు ఎదురుగా ఉండగా పంపునీళ్లతో పడవని కడగడం అపచారమని పడవవాళ్లలో పట్టింపు. ఇక మబ్బు పట్టిందంటే చాలు, తలుపూ కిటికీలూ మూసి, పైన టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించి కట్టేవాడు. బయటి వాన లోపలికి రాలేదు, నిజమే. లోపలి చెమ్మ కూడా బయటికి పోలేదు. రెక్సిన్ అతుకుల్లోంచి గోడలకి నల్ల మచ్చలు లేచాయి. పరుపు అడుగున పచ్చటి నూగు పట్టింది. అంతా చూసి, "పాత పడవ కదా, బూజు పట్టక ఏం చేస్తుంది" అన్నారు జనం. కొత్త చొక్కా తడిపి మడత పెట్టి చూడండి, ఎన్నాళ్లు కొత్తగా ఉంటుందో.

ఇంతలో దానయ్య కళ్లు మసకబారాయి. ఎదురొచ్చే పడవ మీదికి వచ్చేదాకా కనబడదు. ఒంటరిగా సముద్రం మీదికి వెళ్లే రోజులు పోయాయి. పక్కన చుక్కాని పట్టడానికి మనిషి కావాలి. అతని భార్య కనకరత్నం చుక్కాని పట్టే ఇంట్లోనే పుట్టింది. కానీ ఆవిడకి ఆయాసం. ఒకసారి గదిలోకి రెండు మెట్లు దిగిందో లేదో, దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. దానయ్య భుజాన వేసుకుని ఒడ్డుకి చేర్చాడు.

"నీ పడవెక్కితే నన్ను అట్నించటే కాటికి మోసుకుపోవాలి మావా," అంది ఊపిరి కూడదీసుకుని.

కలప వ్యాపారి వీరభద్రానికి ఈ కబురు చేరింది. వచ్చి నా పక్కలు తట్టి చూశాడు. "చెక్క బంగారంలా ఉంది. విప్పితే గుమ్మాలకి పనికొస్తుంది. తొలి వానలకి వస్తాను, ఆలోచించు దానయ్యా," అన్నాడు. దానయ్య ఆ పూట అన్నం ముట్టకుండా నా మీదే కూర్చున్నాడు. నాకు భయం వేసింది. అలలంటే భయం లేదు గానీ, గుమ్మాన్నయి ఎవరి ఇంటికో కాపలా కాయడం తలుచుకుంటేనే నా చెక్కలు బిగుసుకుపోయాయి.

కనకరత్నానిది ఎండుచేపల వ్యాపారం. ఒడ్డున వెదురు తడికల మీద చేపలు తిరగేస్తూ, మొగుడి వాలకం చూసి చూసి ఒకరోజు అంది:

"మావా, లోపలికెల్లి గోడ నాకి చూడు."

"నీకేవన్నా పిచ్చా?"

"నాకవయ్యా."

దానయ్య నాకాడు. ఇలాంటి మర్యాద అంతకు ముందు నాకెవరూ చేయలేదు. ఉమ్ముకుంటూ బయటికి వచ్చి, "ఉప్పు," అన్నాడు.

"మరి వానాకాలంలో నా ఉప్పుచేప నీరు కారడం చూడలేదా? ఉప్పు చెమ్మని పిలిచి కూర్చోబెట్టుద్ది. పైగా నువ్వు తలుపేసి కట్టేత్తావ్. చేపకైనా కిందా పైనా గాలాడాలి."

"గంగమ్మ నీళ్లే రత్నం, పంపునీళ్లెట్టి ఎలా కడగను?"

"గంగమ్మ తల్లి బయటుండాలి మావా. లోపలికొత్తే ఏ పడవైనా మునిగిపోద్ది."

దానయ్య కత్తి పట్టుకుని లోపలికి దిగాడు.

మొదలెట్టారు. ఇంజినీరుగారి రెక్సిన్ చీల్చి పారేశాడు. పరుపులు తగలబెట్టాడు. బూజు ఎగరకుండా ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, వెనిగర్‌లో ముంచిన గుడ్డతో గోడలు తుడిచాడు. అయితే అతనికి మచ్చ కనబడదు, ఆవిడ లోపలికి రాలేదు. అందుకని తుడిచిన గుడ్డ తీసుకుని ఒడ్డుకి వెళ్లి చూపించేవాడు. "నలుపుంది," అనేది ఆవిడ దూరం నుంచే. మళ్లీ తుడిచేవాడు. "ఇంకా ఉంది." మళ్లీ. గుడ్డ తెల్లగా వచ్చాకే మంచినీళ్లతో కడగనిచ్చింది. తర్వాత అన్నీ బార్లా తెరిచి, చెక్క ఎముకలా ఆరేదాకా ఎండబెట్టారు. పరుపులున్న చోట వెదురు తడికలు వేశారు. తలుపుకి వాన పడని వైపు, కిందా పైనా, గాలికి దారులు కోశారు. అడుగున చేరే నీటిని రోజూ తోడి పొడిగుడ్డతో ఒత్తడం దానయ్యకి సంధ్యవార్చుకోవడం లాంటిదయింది. ఎన్నో ఏళ్ల తర్వాత నా టేకు వాసన నాకే తగిలింది. గర్వమంటే గర్వమే అనుకోండి, దాచుకోను.

తొలి వాన పట్టుకుంది. దానయ్య చేయి తలుపు మీదికి పోయి, మూయకుండా ఆగిపోయింది. కనకరత్నం గొడుగు ముడిచి మెట్లు దిగింది. తడిక మీద కూర్చుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. దానయ్య దగ్గు కోసం చెవొగ్గాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆవిడ చెయ్యి తలకింద పెట్టుకుని వాలిపోయింది.

వాన వెలిశాక పైన అడుగుల చప్పుడయింది. వీరభద్రం కొలత టేపుతో వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఆవిడ కళ్లు కూడా తెరవలేదు.

"ఎవరో గానీ, చెప్పులు బయటిప్పి రండి," అంది. "ఇది మా ఇల్లు."