మొండెం మీద చెయ్యి

గనిలో స్టోర్ బాబు సీతారాములుకు ఒక నియమం ఉంది. గది వదిలి బయటికి వచ్చేటప్పుడు గోడ మీదున్న స్విచ్చులన్నీ టకటకా కట్టేయాలి. కరెంటు లేని పల్లెలో కిరసనాయిలు దీపం కింద అక్షరాలు దిద్దుకున్నవాడు; కరెంటు వృథాగా పోతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఇరవై ఆరేళ్ల నౌకరీలో ఖాళీ గదిలో ఒక్క పంకా కూడా తిరగలేదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. వినేవాళ్లు దొరక్కపోతే పంకాకే చెప్పేవాడు.

అలాంటి మనిషి ముందుకు, వానాకాలం మొదట్లో, సోమి ఒక నల్లటి పెట్టె తెచ్చి పెట్టింది. సోమి ఎక్కడో పరాయి ఊరి పిల్ల కాదు. ఇనుపరాయిని కడిగిన ఎర్రనీళ్లను ఆపడానికి గని వేసిన కట్ట ఉంది కదా, దాని కిందున్న నలభై గడపల పల్లెలో పుట్టింది. జగదల్‌పూర్‌లో పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు దూరాన గీదం పట్నంలోని గని ఆఫీసులో ఇంజనీరైంది. ఆమె తల్లి హిడ్మే ఇప్పటికీ ఆ పల్లెలోనే ఉంటూ గనిలో ఊడుస్తుంది.

కట్ట చివర, గుట్టకు ఆనుకుని ఒక రేకుల గది ఉంది. సోమి పెట్టెను అందులో పెట్టి ఒక తీగను నీళ్లలోకి దించింది, ఇంకో తీగను కప్పు మీది సైరన్‌కు కలిపింది. నీళ్లు గుర్తు దాటితే సైరన్ మోగాలి. మోగితే పల్లె గుట్టెక్కాలి. కింద ఫోన్లు అందవు కాబట్టి వాళ్లకు ఆ సైరనే దిక్కు.

సీతారాములు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కంప్యూటర్ అంటే నాలుగు నగాలు బిడ్డా. తెర ఏది? కీబోర్డు ఏది? మౌస్ ఏది? ఇదేం కంప్యూటర్?"

"దీనికి అవేం అక్కర్లేదు కాకా. నేను గీదంలో కూసొని, నా కంప్యూటర్‌ల నుంచి దీని లోపలికొస్తా. వచ్చిన్నని తెలవనీకి ఈ పచ్చ దీపం రెండుసార్లు ఆర్పి చూపిస్తా. ఇసొంటిదాన్ని తల లేనిదంటరు."

"తల లేకపోతే మా దిక్కు మొండెం అంటం," అన్నాడాయన. పెట్టెకు ఆ పేరే ఖాయమైపోయింది.

గది ఊడుస్తున్న హిడ్మే చీపురు ఆపింది. "మా ఆంగాకు మాత్రం మొహం ఉన్నదా, దాదా?"

ఆంగా అంటే వాళ్ల దేవుడు. రెండు దుంగలు జతగా కట్టి నలుగురు భుజాన మోస్తారు. కళ్లుండవు, నోరుండదు. అడిగినదానికి ఊగి జవాబు చెబుతుంది, ఆ ఊపును చదవడం వాళ్లకు చిన్ననాటి నుంచీ అలవాటు.

శ్రావణంలో ఒక పొద్దున ఇసుక బస్తాలు చూసుకోవడానికి ఆ గదికి వెళ్లాడు. చూసుకున్నాడు, బయటికి వస్తున్నాడు, చెయ్యి దానంతట అదే గోడ మీదికి పోయింది. పెట్టె వైపు ఓసారి చూశాడు. బొమ్మ లేదు, అక్షరం లేదు, జొన్నగింజంత పచ్చ దీపం తప్ప ఏమీ లేదు. ఆడని దానికి కరెంటు ఎందుకనుకున్నాడు. టక్కున కట్టేసి, ఒక మంచిపని చేసినవాడిలా దిగివచ్చాడు.

మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. స్టోరులో రేకుల మోత మధ్య ఫోన్ మోగింది.

"కాకా, పెట్టె పలుకుత లేదు." అటునుంచి సోమి. "పైన గుట్టలల్ల పొద్దటి సంది వానేనట. నీళ్లెంత ఉన్నయో నాకు కనిపిస్త లేదు. అమ్మ ఇయ్యాల పనికి రాలే, ఇంట్లనే ఉంది."

సీతారాములుకు గోడా, స్విచ్చూ, తన చెయ్యీ కళ్లముందు కనిపించాయి. "పోతున్న బిడ్డా," అన్నాడు. యాభై ఏడేళ్ల మనిషి, గొడుగు కూడా మరిచి, ఆ బురదలో కట్ట మీదికి పరిగెత్తాడు.

స్విచ్చు వేశాడు. పెట్టె ఏమీ అనలేదు. అది లేచిందో లేదో చెప్పడానికి దానికి మొహమే లేదాయె! దేన్ని చూడాలో తెలియక తల తుడుచుకున్న తువ్వాలుతో చెయ్యి కూడా తుడుచుకుని దాని మీద వేశాడు. లోపల ఏదో సన్నగా తిరుగుతోంది. పచ్చ దీపం వెలిగింది. తర్వాత ఆరి వెలిగింది, మళ్లీ ఆరి వెలిగింది.

"వచ్చిన కాకా," అంది ఫోన్‌లో సోమి. "పదకొండు మీటర్ల నలభై. గుర్తు దాటింది, సైరన్ మోగిస్తున్న."

సీతారాములు కిటికీలోంచి కట్టకు రంగుతో గీసిన కొలత చూశాడు. ఆ వానలో కళ్లు చికిలించి చూస్తే పదకొండు మీద నలభై. ఎదురుగా నిలబడ్డ తనకంటే ముందే, ఎక్కడో గీదంలో కూర్చున్న పిల్ల చూసేసింది. అప్పుడే కప్పు మీద సైరన్ గుట్టలు దద్దరిల్లేలా అరిచింది. గదిలో సైరన్ స్విచ్చు ముట్టినవాడు లేడు, బటన్ నొక్కినవాడు లేడు.

కింద మనుషులు ఇళ్లలోంచి బయటికొచ్చి గుట్టెక్కడం కనిపించింది. చివరి ముసలాయన పైకి చేరాక కాసేపటికి ఎర్రనీళ్లు కట్ట పొర్లి, ఖాళీ పల్లె గుమ్మాల్లోకి పోయాయి.

"కాకా," అంది సోమి, మెల్లగా. "మొండెం చివరి రాత తొమ్మిదీ పదికి రాసుకున్నది. ఆడ పొద్దుగాల కరెంటు పోయిందా?"

కళ్లు లేని పెట్టె తన పని ఆగిన నిమిషాన్ని రాసి పెట్టుకుంది. దాని ముందు అబద్ధం ఆడటానికి ఆయనకు నోరు రాలేదు.

"పోలేదు. నేనే కట్టేసిన. నీ తల్లి గొంతు మీద చెయ్యేసినట్టే చేసిన బిడ్డా."

సీతారాములు ఫోన్ కట్టేయకుండానే జేబులో వేసుకుని, స్విచ్చుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరి చెయ్యీ అటు పోకూడదు, ముఖ్యంగా తన చెయ్యి.

చంకలో కోడితో, నీళ్లోడుతూ హిడ్మే లోపలికి వచ్చింది.

"మమ్మల్ని పిలిచిందెవరు, దాదా?"

"నీ బిడ్డ. గీదం నుంచి దీని లోపలికొచ్చి పిలిచింది."

హిడ్మే కోడిని దించింది. చెయ్యి శుభ్రంగా తుడుచుకుని పెట్టె మీద వేసింది. వెచ్చగా ఉన్నట్టుంది, ఆ చెయ్యి తీయలేదు.

"పొద్దటి సంది అన్నం తిన్నదా, అడుగు దాదా."

సీతారాములు ఫోన్ తీయాలన్న సంగతే మరిచిపోయాడు. పెట్టె దగ్గరికి వంగి అడిగాడు. పచ్చ దీపం చాలాసేపు కదలకుండా ఉండి, ఒక్కసారి ఆరి వెలిగింది.

"తినలేదంట," అంది హిడ్మే.

ఆయన జేబులోంచి సోమి ఏడుపు వినిపించింది. "నిజమేనే అమ్మా, తినలే."