ఏడోఅంతస్తు మీద అభియోగం

మనిషి కట్టిన గోడలన్నిటిలోనూ పడకగదికీ పడకగదికీ నడుమ ఉండే నాలుగంగుళాల గోడ అగ్రగణ్యమైనదని ఇందుమూలముగా ప్రకటించడమైనది. కోటగోడలు శత్రుసైన్యాలను మాత్రమే ఆపగలిగాయి. ఇది సొంత మనవరాలిని సైతం ఆపగలదు. పైగా మాటను ఆపదు. మనిషిని అవతలే ఉంచి గొంతును మాత్రం ఇవతలికి పంపే ఇంతటి సూక్ష్మమైన ఏర్పాటు ఏ సామ్రాజ్యపు శిల్పులకూ సాధ్యపడలేదు.

ఆ గోడకు ఇవతలి ప్రభువు ఒక విశ్రాంత లిఫ్టుల తనిఖీ అధికారి. ముప్ఫయ్యారేళ్లపాటు ఆయన సంతకం లేనిదే ఊళ్లో ఏ లిఫ్టూ ఒక్క అంతస్తు కదలలేదు. ఇప్పుడు ఏడో అంతస్తులో, కూతురి ఇంట్లో, ఒక మంచమూ ఒక కుర్చీ ఒక కిటికీ గల రాజ్యాన్ని ఏలుతున్నాడు. కూతురు కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే రాక. అల్లుడు ఓడ ఉద్యోగి; ఇంట్లో కంటే మ్యాపులోనే ఎక్కువగా కనిపిస్తాడు. పదమూడేళ్ల మనవరాలు నాలుగింటికి బడి నుంచి వచ్చి, "హాయ్ తాతయ్యా" అని, తన గది తలుపు వేసుకుంటుంది. ఆ రెండు మాటలతో ఆయన సంఘజీవితం ఆ రోజుకు సమాప్తం.

అయితే తలుపు పడిన అయిదు నిమిషాలకు గోడ మాట్లాడటం మొదలుపెట్టేది.

"హాయ్ ఫ్రెండ్స్! ఈరోజు మనం అగ్గిపెట్టెతో బీరువా చేద్దాం. సొరుగు నిజంగానే తెరుచుకుంటుంది, చూడండి!"

ఆ పిల్ల అగ్గిపెట్టెలతో, అట్టముక్కలతో అరచేతిలో పట్టేంత గదులు కట్టి, కడుతున్నంతసేపూ ఫోన్లో లైవ్ పెట్టేది. భోజనాల బల్ల దగ్గర పెదవి విప్పని పిల్ల గోడ అవతల గంటసేపు గలగలా ప్రవహించడాన్ని ఆయన నెల రోజులు ఓర్చుకున్నాడు. ముప్ఫయ్యొకటో రోజున కింద ఫోన్ల దుకాణం వాడిచేత ఆ యాప్ తన ఫోన్లో వేయించుకున్నాడు. పేరు పెట్టుకోమంటే, వృత్తిధర్మం కొద్దీ, ‘ఏడోఅంతస్తు’ అని పెట్టుకున్నాడు.

చూసేవాళ్లు ఎప్పుడూ ఆరుగురో ఏడుగురో. గొంతు ముందు గోడలోంచి వచ్చేది. పన్నెండు సెకన్ల తర్వాత ఫోన్లోంచి వచ్చేది. ఆ పన్నెండు సెకన్లూ ఆయన త్రికాలవేది. ఫోన్లో ఆ పిల్ల ఇంకా మూతి బిగించి జిగురు రాస్తుండగానే, తర్వాత నవ్వబోతోందని ముందుగా తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే.

కొన్నాళ్లు ఊరికే చూశాడు. తర్వాత వేళ్లు ఊరుకోలేదు. "సొరుగు చాలా బాగుంది" అని రాశాడు.

"థాంక్యూ ఏడోఅంతస్తు!" అంది గోడ. కాసేపటికి ఫోనూ అంది. ఒక్క పొగడ్తకు రెండు కృతజ్ఞతలు అందుకోవడం ఆయన ఉద్యోగ జీవితంలో లేదు.

ఆపైన రెండు నెలలు ఆ పిల్ల ఏడోఅంతస్తుకు చెప్పని సంగతి లేదు. లెక్కల టీచరు ఎలా తుమ్ముతుందో చెప్పింది. పక్కబెంచీ స్నేహితురాలు ఎందుకు మాట్లాడటం మానేసిందో తెలియడం లేదని చెప్పింది. అది చెప్పినప్పుడు కత్తెర పక్కన పెట్టేసింది. ఒకరోజు, "ఏడోఅంతస్తు ఇంకా రాలేదా? అయితే ఆగుదాం" అంది. ఆ మాట గోడలోంచి విని ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచి, లేచాక చేయవలసినదేమీ తోచక, మళ్లీ కూర్చున్నాడు.

ఒక శనివారం మధ్యాహ్నం కూతురు వేళకాని వేళ ఇంటికి వచ్చింది. చేతిలో కళ్లద్దాల కొలతలు రాసే చీటీ ఉంది. దాని వెనక నిండా రాత.

"నాన్నా, ఇలా వచ్చి కూర్చో. నువ్వు కూడా రావే."

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. దుకాణంలో బేరాలు లేక పిల్ల పాత లైవ్‌లు తీసి చూసిందట. కింద ఎవరెవరు ఏం రాశారో అన్నీ అలాగే ఉన్నాయట.

"వినండి. ‘నీ గొంతు వింటే రోజంతా హాయిగా ఉంటుంది.’ ఇదొకటి. ‘నీలం కర్టెన్ తీసేశాక గదిలో వెలుతురు బాగుంది కదూ?’ ఆ కర్టెన్ కెమెరాకి కనబడనే కనబడదు నాన్నా!"

కర్టెన్ ఉతకడానికి తీసింది ఆయనే.

"‘ఇంట్లో ఎవరూ లేరా, ఒక్కదానివేనా?’ చూశావా ఎంత ధైర్యమో! ‘లెక్కల పరీక్ష సంగతి అమ్మకి చెప్పకులే, మన మధ్యే ఉండనీ.’ ఇక వీడి పేరు విను, ఏడోఅంతస్తు. మనం ఏడో అంతస్తులో ఉంటామని వాడికెవరు చెప్పారు? వాడు ఈ బిల్డింగులోనే ఉన్నాడేమో, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

దుకాణంలో అక్షరాల పలకను చదివించే గొంతుతో ఆమె ఒక్కొక్క వాక్యమూ చదువుతుంటే, తాను రాసినవి ఆయనకు మొదటిసారిగా స్పష్టంగా కనిపించాయి. ‘ఇంట్లో ఎవరూ లేరా’ అని అడిగిన రోజున ఆయన కోరుకున్నది ఒకే ఒక్క జవాబు: ‘తాతయ్య ఉన్నాడు’ అని. ‘ఎవరూ లేరు’ అని గోడ చెప్పింది. పన్నెండు సెకన్ల తర్వాత ఫోనూ ధ్రువపరిచింది. ఇప్పుడు చీటీ మీద ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. అది ఏ దుర్మార్గుడైనా అడిగే ప్రశ్నే. ఒక్క అక్షరం తేడా లేదు.

‘అది నేనేనమ్మా’ అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మనవరాలు అందుకుంది.

"అతి చేయకమ్మా! పాపం, ఆయన చాలా మంచోడు. తిన్నావా అని నన్నడిగేది ఆయనొక్కడే."

"ఆయనంట! మొహం చూశావా ఎప్పుడైనా?"

"చూడక్కర్లేదు. మంచివాళ్లెవరో తెలిసిపోతుంది."

తెలిసిపోతుంది అన్న మాట దగ్గర ఆయన నోరు మూసుకుంది. తాను ఒప్పుకుంటే ఈ పిల్ల గెలుస్తుంది. ముక్కూమొహం తెలియనివాడు అమ్మకు చెప్పొద్దంటే వాడు ఎవరో ఒకరి తాతయ్యే అయివుంటాడని నేర్చుకుంటుంది. రేపు అలాగే అడిగేవాడు తాతయ్య కాడు. లిఫ్టులో ప్రమాదగంట ఒకసారి ఉత్తినే మోగిందని తేలితే, రెండోసారి నిజంగా మోగినప్పుడు జనం నవ్వుకుంటూ లోపలే నిలబడటం ఆయన కళ్లారా చూశాడు. ఆ సంగతి మీద పై అధికారులకు పదిహేడు పేజీల నివేదిక కూడా సమర్పించాడు. ఎవరూ చదవలేదు.

కాబట్టి ముద్దాయి గొంతు సవరించుకుని, ప్రాసిక్యూషన్ వారి తరఫున లేచాడు.

"వాడు మంచోడు కాదమ్మలూ."

"నీకేం తెలుసు తాతయ్యా? నువ్వు ఒక్కరోజన్నా చూశావా?"

"చూడక్కర్లేదు. మంచోడు అమ్మకి చెప్పొద్దనడు. ఇంట్లో ఎవరున్నారని ఆరా తీయడు. నిన్ను తెలిసినవాడైతే తనెవరో చెప్పి తలుపు కొడతాడు. ఇలా దాక్కుని రాయడు."

"తిన్నావా అనడం కూడా తప్పేనా?"

ముద్దాయి తన కుర్చీని ఆ పిల్లకు ఎదురుగా జరుపుకున్నాడు.

"ఎదురుగా కూర్చుని అడగాలి. అలా అడగలేకపోతే వాడిదే తప్పు."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఎన్ని చెప్పానో వాడికి!" అంది.

ఆయన కాస్తా వాడయ్యాడు. కేసు గెలిచినట్టే.

కూతురు ఎక్కడ నొక్కాలో చూపించింది: ముందు బ్లాకు, తర్వాత ఫిర్యాదు. పిల్ల వేలు ఫోను మీదకు వెళ్లి ఆగిపోయింది.

"నాకు చెయ్యి రావట్లేదు. నువ్వు నొక్కవా తాతయ్యా?"

ఎన్నో లిఫ్టులకు ‘ప్రయాణానికి పనికిరాదు’ అని ముద్ర కొట్టిన చెయ్యి అది. వణకకుండా నొక్కింది, రెండుసార్లూ.

నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది. కూతురు పైకి చదివింది: "‘మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాము. ఏ నిబంధనకూ ఉల్లంఘన జరగలేదు.’ క్షుణ్ణంగానట, వీళ్ల మొహం మండ!"

ఆ విధంగా ఆయన సగౌరవంగా నిర్దోషి అయ్యాడు. ఇంత తేలిగ్గా తనను వదిలినవాళ్లు ఇంకెందరిని వదిలి ఉంటారో ఆయన లెక్కకు అందలేదు.

కూతురు తీర్పు మాత్రం అంత తేలిగ్గా లేదు. "ఇక నుంచి తలుపు తెరిచి ఉంచాలి. మొహం చూసి తెలిసినవాళ్లే నీ లైవ్ చూడాలి. ఎవడన్నా అమ్మకి చెప్పొద్దన్నాడంటే ఆ క్షణమే అమ్మకి చెప్పాలి. తిట్టను. ఒట్టు."

"తిడతావు."

"కొంచెం తిడతాను. అయినా చెప్పు."

పిల్ల కళ్లు తుడుచుకుని, యాప్‌లో ఎవరెవరిని ఉంచాలో వేళ్ల మీద ఎంచింది. తరగతిలో ముగ్గురు, అమ్మ. నలుగురు. అయిదో వేలు పట్టుకుని అటూ ఇటూ చూసింది. చూపు తాతయ్య మీద ఆగింది.

"తాతయ్యా! నువ్వు చూస్తావా? నేను బుల్లి లిఫ్టు కూడా చేస్తా, నువ్వు చెబితే. ఫోన్ ఇలా ఇవ్వు, నేనే యాప్ వేసిపెడతా."

ఆయన మూడు నెలలు ఎదురుచూసిన మాట అది. చెయ్యి దానంతటదే చొక్కా జేబు దాకా వెళ్లింది. ఆ జేబులో, ఆ ఫోన్లో, ఏడోఅంతస్తు పేరూపరువులతో సహా నిక్షేపంగా ఉన్నాడు. ఫోను చేతికిచ్చిన మరుక్షణం గంట ఉత్తినే మోగిందని తేలిపోతుంది.

ఆయన జేబును అరచేత్తో మూసి పట్టుకున్నాడు.

"నా ఫోన్లో చోటు లేదమ్మలూ."

"అంతగా ఏం నింపావు?"

"ఫొటోలు."

"సరేలే," అని ఆ పిల్ల లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఫోన్లో ఉన్న ఫొటోలు పదకొండు. వాటిలో తొమ్మిది ఆయన బొటనవేలివి.