రాగి మెచ్చిన కళ్ళు

మాది రాగి పని. కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనబడితే ఆ మనిషిని రాగి మెచ్చిందని మా ఇంట్లో లెక్క. మా అన్నయ్యకు కనబడింది. పెద్దపీట మీద కూర్చోబెట్టారు. ఏడాది తిరక్కుండా చేతులు వణికాయి, మాట ముద్దయింది. ఊరికే నవ్వేవాడు. ఆ నవ్వు మొహంతోనే పోయాడు. రాగి తీసుకుపోయిందని అందరూ దణ్ణం పెట్టారు.

మొన్న నా మనవరాలు చదువు ముగించుకుని వచ్చింది. కొలిమి గడప తొక్కి ఎరగని పిల్ల. కిటికీ దగ్గర గ్లాసు అందుకుంటుంటే చెయ్యి వణికింది. కళ్ళలో ఎండ పడింది. వలయం ఉంది.

వదిన పొంగిపోయింది. "అచ్చం మీ పెద్దతాత కళ్ళేనే! ఉండు, నా చేత్తో పీట వేస్తాను."

వదినకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కళ్ళలో దీపం వేసి చూశారు, రక్తం తీయించారు. ఫలితాలు వచ్చాక మళ్ళీ పిలిచారు.

"తిండిలో వచ్చే రాగిని కాలేయంలోంచి బయటికి మోసే ప్రోటీన్ ఒకటుంటుంది, తాతగారూ. దాన్ని తయారుచేసే జన్యువు ఈ అమ్మాయికి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా చెడిపోయే వచ్చింది. మోసేది లేక రాగి లోపలే పేరుకుంటోంది. మాత్రలు మానకూడదు. మానితే బతకదు."

ఇంటికి రాగానే వదిన మాత్రల డబ్బా కొంగులో ముడేసింది. "వీటితో వలయం కరిగిపోతుందటగా! ఇంటికొచ్చిన భాగ్యాన్ని కడిగేస్తావా మరిదీ?"

"ఉండనీ తాతా," అంది మనవరాలు. మాట నాలుకకు అంటుకున్నట్టు వచ్చింది. "లోపల ఎవరో సర్దుకుని కూర్చున్నట్టుంది. బాగానే ఉంది."

నేను వదిన వైపు తిరిగాను.

"వదినా, ఇది ఎప్పుడైనా సుత్తి పట్టిందా?"

"మూగమొద్దుకి మాటలొచ్చాయే! పట్టలేదు. అయితే?"

"మరి రాగి ఏం చూసి మెచ్చింది?"

"అయితే మీ అన్నయ్యని..." అని వదిన ఆగిపోయింది. కొంగు ముడి విప్పింది. మాత్ర తానే మనవరాలి నాలుక మీద పెట్టి, మింగేదాకా గడ్డం వదల్లేదు.

తోడబుట్టినవాళ్ళకూ చూడాలన్నారు డాక్టరమ్మ. మర్నాడు దాని చెల్లెల్ని తీసుకెళ్ళాం. కళ్ళు తేటగా ఉన్నాయి. వలయం ఆలస్యంగా పడుతుందనీ, అంతకుముందే లోపల పని మొదలైపోతుందనీ చెప్పి రక్తం తీసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన నా మొహాన్ని వెలుతురుకి తిప్పింది. చాలాసేపు కళ్ళలోకి చూసింది.

నేనూ అన్నయ్యకి తోడబుట్టినవాణ్ణే.