పక్కకు పడుకునే చేపలు

తార్నాకలో బుచ్చవ్వ ఇంటి ముందు వాటాలో అద్దెకుండే సూర్యనారాయణ యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. ఉన్న నాలుగు మాటలూ ముందు గదిలో గాజుతొట్టిలోని చేపలతో సరిపోయేవి. అరవై ఎనిమిది వేసవిలో మౌలాలి అవతలి వాగులో పట్టి, టిఫిన్ క్యారియర్‌లో తెచ్చిన చేపలవి. వేలెడు పొడుగు, మూతి చుట్టూ మీసాలు, ఒంటి నిండా మచ్చలు. ఆయన లోచ్‌లు అనేవాడు, బుచ్చవ్వ ఉసికె చాపలు అనేది, భార్య వేదవతి ‘అవి’ అనేది. ఆ క్యారియర్‌ని ఆమె మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

తెనాలి వైపు ఆచారం గల ఇంట్లో పుట్టి, కోడిగుడ్డు కూడా ముట్టకుండా పెరిగిన మనిషి. అయినా వానలు మొదలయ్యేసరికి చేపల చాకిరీ అంతా ఆమె నెత్తినే పడింది. మీసాలు గీరుకుపోకుండా మెత్తటి ఇసుకే ఉండాలట, దానికి పిండి జల్లెడ పోయింది. నల్లా నీళ్లు గంగాళంలో ఒక రోజు నిలవబెట్టి, మందు వాసన పోయాకే తొట్టిలో పోయాలట. అరటిచెట్టు మొదట్లో వానపాములు తవ్వి వేసి, చింతపండుతో చేతులు తోముకునేది. చేపలు ఎగిరి బయట పడకుండా తొట్టి మీద మూతగా ఆమె పీట వెళ్లింది. అప్పట్నుంచీ ఆమె నేల మీద కూర్చునే కూరలు తరుగుతోంది. ఆయన ఆ సంగతి గమనించినట్టు లేదు. ఒక్కటే లాభం, వాన వచ్చే ముందు అవి కిందికీ పైకీ గింగిరాలు కొట్టేవి. ఆమె మేడెక్కి వడియాలు తెచ్చుకునేది.

మొదట్లో ఒకసారి పెద్దది ఇసుక మీద పక్కకు ఒరిగి కదలకుండా పడి ఉంటే, చచ్చిందనుకుని వేదవతి తలస్నానం కూడా చేసింది. సాయంత్రం ఆయన వచ్చి వంగి చూశాడు.

“చావలేదు. వీటి నిద్రే అంత. మొప్పలు చూడాలి. అవి ఆడుతున్నంతసేపూ ఎవరు చచ్చిందన్నా నమ్మకు.”

ఆయన ఆమెతో ఒక్క బిగిన అంత మాట్లాడటం ఎప్పుడూ లేదు.

శ్రావణంలో ఒకనాడు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వేదవతిని కాకి తన్నింది. సరిగ్గా పాపిట దగ్గర. కాకి తంతే ప్రాణగండం. ఆ మనిషి పోయిందని అయినవాళ్లకు ఉత్తుత్తి కబురు పంపాలి, వాళ్లు నమ్మి ఏడవాలి, ఆ ఏడుపుతో గండం తీరిపోవాలి. పప్పుచారు కాచే పద్ధతి మీద ఏనాడూ రాజీపడని వేదవతీ బుచ్చవ్వా ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

“కబురు ఎవలికి పంపుదాం, వేదమ్మా?” అన్నది బుచ్చవ్వ.

“మా అమ్మకు గుండెజబ్బు. నిజంగానే పోతుంది.”

“మీ అత్తకు?”

“ఆవిడ ఏడవదు.”

“ఇగ సారే మిగిలిండు. ఆయన ఏడ్వడా ఏంది?”

వేదవతికి తెలియాల్సిందీ అదే. కాకి కంటే ఆ ప్రశ్నకే ఎక్కువ భయపడింది.

బుచ్చవ్వ కొడుకు కొమురెల్లి సైకిలెక్కి క్యాంపస్‌కు పోయాడు. సార్ కాస్త ఏడ్చినంక అసలు సంగతి చెప్పమని తల్లి నేర్పి పంపింది. తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“వేదమ్మ పోయిందని చెప్పిన. ఎట్ల పడుకున్నది అని అడిగిండు.”

“నువ్వేమన్నవ్‌రా?”

“పక్కకు ఒరిగి పడుకున్నదన్న. గట్లయితే ఏం గాలే, ఊపిరి ఆడుతున్నదేమో సూడుమన్నడు. గంట కొట్టిన్రు, క్లాసుకు పోయిండు.”

“ఏడ్వలే?”

“చాక్‌పీసు అడిగిండు.”

సూర్యనారాయణ సాయంత్రం రోజూ వచ్చే వేళకే వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ భార్యను చూసి, “చచ్చిపోయావన్నారు” అన్నాడు.

“నమ్మలేదా?”

“పొద్దున బాగానే ఉన్నావుగా” అని తొట్టి దగ్గరకు పోయాడు.

వేదవతికి ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారాక దిగులు పట్టుకుంది. ఏడ్చే దిక్కు లేక గండం గండంగానే ఉండిపోయింది. చెయ్యి కాలితే అదే అనుకుంది, మెట్టు జారితే అదే అనుకుంది. పాపం, బుచ్చవ్వ కళ్లొత్తుకుని చూపించింది గానీ, సంగతి తెలిసినవాళ్ల ఏడుపు చెల్లదు.

ఆదివారం మధ్యాహ్నం తొట్టి పక్కనే నేల మీద నడుం వాల్చింది. గాజుకు లోపల పెద్ద లోచ్ పక్కకు ఒరిగి ఉంది, బయట ఆమె. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే ఏం బుద్ధి పుట్టిందో, ఆయన అడుగుల చప్పుడు వినగానే కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

పీట జరిపిన చప్పుడు. వానపాములు వేసి మళ్లీ మూసిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

“ఏమోయ్” అన్నాడు.

ఆమె కదల్లేదు.

“వేదా.”

పెళ్లయ్యాక పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ముక్కు కింద చల్లటి వేలు ఆనింది. అది వానపాముల కంపు కొడుతోంది గనక ఊపిరి ఆపడం ఏమంత కష్టం కాలేదు. చెంప మీద ఒక చుక్క పడింది. తొట్టి నీళ్లేమో అనుకుంది. రెండో చుక్క వెచ్చగా ఉంది.

“మొన్న నమ్మితే అక్కడే పడిపోతానని నమ్మలేదే,” అన్నాడాయన. “క్లాసులో ఏం చెప్పానో నాకే తెలీదు.”

వేదవతి గుండె నిండిపోయింది. ఇక ఊపిరి ఆగలేదు. కళ్లు తెరిచి, “చాల్లెండి, గండం తీరిపోయింది” అంది.

ఆయన పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఊపిరెందుకు ఆపావు?”

“మీ చేప ఆపదా?”

“ఆపదు. మొప్పలు ఆడుతూనే ఉంటాయి. చెప్పానుగా.”

ఆమె లేచి ముఖం కడుక్కుని, సంగతి బుచ్చవ్వకు చెప్పడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తొట్టి మీద అట్టముక్క ఉంది, అట్ట మీద ఇటుక ఉంది. పీట కడిగి వంటింట్లో, ఆమె కూరలు తరిగే చోట వేసి ఉంది.