రీలు పెట్టింది నేనే

చేసిందంతా నేనే. ముందే ఒప్పుకుంటున్నాను, తిట్టేవాళ్ళు తర్వాత తిట్టండి.

మా అన్న హనుమేశ్‌కు శక్తినగర్ కరెంటు ప్లాంటులో పని. ఆయన కూతురు ప్రజ్ఞ పెద్దమనిషయితే, మేనత్తను, ఊరుకుంటానా? రాయచూరు నుంచి పట్టుచీర తెచ్చి కట్టి, హారతిచ్చి, ఆ వీడియోను రీలు చేసి పెట్టాను. రెండు రోజుల్లో నలభై వేలమంది చూశారు. కింద కామెంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాలే. నాకు తెలుగు, కన్నడం తప్ప చదవరాదు. నవ్వు మొహాలు కనబడ్డాయి కదా, మెచ్చుకుంటున్నారనుకుని ఒక్కోదానికీ ఓపిగ్గా హార్టు నొక్కాను. ఎంత మురిసిపోయానో!

ఈరోజు పొద్దున పిల్ల బడికి పోలేదు. ఫోను మంచం మీద పడేసి, బాత్‌రూములోకి పోయి గడియ పెట్టుకుంది. గంటయింది. నీళ్ళ చప్పుడు కూడా లేదు.

"ప్రజ్ఞా, తలుపు తియ్యవే తల్లీ, ఏమైందే?"

వదిన ఆ ఫోను తీసి చూసింది. నా రీలే ఉంది. కామెంట్లు పైకి చదివింది. డ్రమ్ముకు చీర కట్టిండ్రని ఒకడు. "యారప్పా ఈ ఆనె?" అని కన్నడంలో ఇంకొకడు, ఎవర్రా ఈ ఏనుగని. ప్రతిదాని కింద నా ఫొటో, పక్కన ఎర్ర హార్టు.

"ఏంది కమలా గిది? నువ్వు గూడ నవ్వినవా?" అంది వదిన.

"దేవుని తోడు వదినా, నాకు సదవరాదు!"

అన్న డ్యూటీలో ఫోను ఎత్తడు. స్టూలెక్కి వెంటిలేటర్లోంచి చూద్దామంటే అద్దం నిండా ప్లాంటు బూడిదే. లోపల అన్న గడ్డం గీసుకునే బ్లేడ్లుంటాయని గుర్తొచ్చింది. రెండు చేతులా తలుపు బాదాను.

"బంగారూ, నీ అత్తకు బుద్ధిలేదే. ఒక్క మాటన్న మాట్లాడే!"

లోపలి నుంచి గొంతు వినబడింది. "రీలు తీసెయ్, అత్తా."

వదిన నా ఫోను లాక్కుని అప్పుడే తీసేసింది.

"తీసేసినమే తల్లీ, ఇగ లేదు."

"సూసినోళ్ళ కండ్లల్లకెల్లి ఎట్ల తీస్తవ్?"

ఏడుస్తూ నిలబడ్డాను.

ఎప్పటికో గడియ తీసింది. ఒంటిమీద గీతైనా లేదు. బతికించావు దేవుడా అనుకుని కావలించుకోబోయాను. నా చేతులు నడుముకు తగలకముందే పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి వదలవే తల్లీ, నేనే గదా," అన్నాను.

వదల్లేదు.