పెద్ద బోర్డుకు చామంతి దండ

ఆ బడికి పెద్ద డిజిటల్ బోర్డు వచ్చి రెండు నెలలైంది కానీ, పిల్లలు దాని మొహం చూసింది ఒక్కసారే, గోడకు బిగించిన రోజున. ఆ సాయంత్రమే హెడ్‌మాస్టర్ కృష్ణయ్య ఇంటి నుంచి కొత్త దుప్పటి తెచ్చి దానికి కప్పాడు. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మంచివాడే పాపం. బడి వస్తువు పాడైతే తన మెడకు చుట్టుకుంటుందన్న భయం తప్ప ఆయనకు వేరే రోగం లేదు. తాళం తీయమని ఎవరడిగినా, "కరాబైతే ఎవలు జవాబిస్తరు?" అనేవాడు. అడిగినవాళ్లు మెల్లగా జారుకునేవాళ్లు.

చేవెళ్ల నుంచి ఆలూరు దాటి ఇంకాస్త లోపలికి పోతే వచ్చే ఊరది. ఎటు చూసినా చామంతి మళ్లు, బంతి మళ్లు, మధ్యలో క్యారెట్. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఆ గది కిటికీకి వేలాడి, దుప్పటి కప్పుకున్న బోర్డును చూసి వచ్చేవాళ్లు. దవాఖానలో ఉన్న చుట్టాన్ని చూసొచ్చినట్టు ఉండేది ఆ వరస. సైన్స్ చెప్పే వసంత టీచర్ అది చూసినప్పుడల్లా మొహం తిప్పుకుని పోయేది.

కార్తీకంలో మండలం నుంచి కబురొచ్చింది. రెండు నెలల్లో ఈ బోర్డు ఒక్క గంట కూడా నడవలేదట. అడుగుతున్న బడులు ఇంకా ఉన్నాయట. ఒక టీచర్‌ను మొయినాబాద్‌లో మూడు రోజుల ట్రైనింగ్‌కు పంపాలి, వచ్చే శుక్రవారం మండలాఫీసు నుంచి నాగేందర్ సారు వచ్చి పాఠం చూస్తారు. పాఠం నడిస్తే బోర్డు ఉంటుంది, లేకపోతే శనివారం ఆటో ఎక్కుతుంది.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒక్కసారిగా నోట్‌బుక్కులు దిద్దే పనిలో పడ్డారు. "నేను పోత సార్," అన్నది వసంత. కృష్ణయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయన ఆశ్చర్యంలో తప్పు లేదు. యాభై నాలుగేళ్ల మనిషి, ఫోన్‌లో ఫొటో పంపాలన్నా ఆరో తరగతి పిల్లల చేతికిచ్చే మనిషి. ఇరవై ఎనిమిదేళ్లుగా సుద్దముక్కతో తప్ప పాఠం చెప్పి ఎరగదు. అయితే ఆ సుద్దముక్కతోనే కప్ప గుండెకాయను కొట్టుకుంటున్నట్టు గీసేది, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మొయినాబాద్‌లో ట్రైనింగ్ ఇచ్చిన అమ్మాయి పేరు సమత. పాతికేళ్లుంటాయేమో. మొదటి రోజు బోర్డు మీద ఏదైనా రాయమంటే, వసంత లేచి వెళ్లి "పుష్పం" అని రాసింది, వంకరగా వచ్చింది. వెంటనే అలవాటు కొద్దీ అరచేత్తో రుద్దేసింది. వెనక బెంచీల్లో టీచర్లంతా గొల్లుమన్నారు. ఆమెకు తల కొట్టేసినంత పనైంది. తిరిగి చూస్తే బోర్డు మీద అక్షరం లేదు, తుడిచిపెట్టుకు పోయింది.

"నవ్వకుండ్రి సార్, మేడం చేసిందే కరెక్టు," అన్నది సమత. "అరచెయ్యి పెడితే డస్టర్ అయితది. ఇది రెండో రోజు చెప్పాల్సిన పాఠం, మేడం ఇయ్యాలనే చెప్పిన్రు."

ఆ మాటతో వసంతకు బోర్డంటే సగం భయం పోయింది. మిగతా సగాన్ని వంద పేజీల నోట్‌బుక్కులో పెట్టింది. సమత ఏం చెప్పినా రాసుకునేది. ఫోన్‌ను బోర్డుకు ఎలా కలపాలి, ఫోన్ కెమెరాలో కనబడేది బోర్డు మీద ఎలా చూపాలి, అన్నీ బాణం గుర్తులతో, బొమ్మలతో. పక్కనున్న సారు, "డిజిటల్ ట్రైనింగ్‌ల పెన్ను అరగదీస్తున్న మేడం మీరే," అని వేళాకోళం చేశాడు. ఆమె ఆ మాట కూడా రాసుకునేదే, బోర్డు మీద పేజీ మారింది కాబట్టి ఊరుకుంది. మూడో రోజు సాయంత్రం చేవెళ్ల బస్సులో కూర్చుని, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలా తనలో తాను నవ్వుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. ఆరోజు పాఠం పువ్వు భాగాలు. మందార పువ్వు బొమ్మలు వరసగా పేర్చుకుని, పొద్దున్నే వచ్చి ఒకసారి నడిపి చూసుకుంది. చక్కగా నడిచింది. హాయిగా ప్రేయర్‌కు వెళ్లింది.

ఆ కాసేపట్లో జరగాల్సింది జరిగింది. మధ్యాహ్న భోజనం వండే అంతమ్మకు బడి మీద ప్రాణం. అరెకరంలో చామంతి వేసిన మనిషి. ఆ ఊళ్లో కొత్త ట్రాక్టరొచ్చినా, బోరు మోటరొచ్చినా, చివరికి మిక్సీ వచ్చినా బొట్టు పెట్టి పూలు వేయకుండా స్విచ్ వేయరు. అలాంటిది, ఇంత పెద్ద బోర్డు బోసిమొహంతో సారుకు కనబడటమా అనుకుంది. పైగా శుక్రవారం. తన చేనులో తెల్లవారుజామున కోసిన చామంతులు మూరలకు మూరలు కట్టి, బోర్డు పై అంచుకు రెండు మేకులు చూసి, నిండుగా దండ వేసింది. పైన మూడు చోట్ల పసుపు, కుంకుమ. దూరం నుంచి చూసుకుని మురిసిపోయింది.

వసంత దండ చూసి, "మంచిగున్నది అంతమ్మక్కా," అన్నది కూడా. నాగేందర్ సారు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన పక్కన కృష్ణయ్య, నుదుట చెమటతో. ఏడో తరగతి పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఎవరో ఫ్యాన్ వేశారు.

వసంత మందార పువ్వు తెరిచింది. పువ్వు ఒక్క క్షణం నిలబడి, తనంతట తానే పెద్దదైంది. ఆనక చిన్నదైంది. దాని మీద ఎర్ర గీతలు పడ్డాయి. బొమ్మ జారిపోయి క్యాలెండర్ వచ్చింది, క్యాలెండర్ పోయి లెక్కల యంత్రం వచ్చింది. వేలు పెట్టి ఆపబోతే ఇంకా రెచ్చిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నేను ముందుగాలనే చెప్పిన," అని గొణిగాడు కృష్ణయ్య. నాగేందర్ సారు గడియారం చూసుకున్నాడు.

వసంతకు శనివారం ఆటో, ఖాళీ గోడ, కిటికీకి వేలాడే పిల్లలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏం చేయాలో తోచక, తోచనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది. నోట్‌బుక్కు తెరిచింది. పన్నెండో పేజీలో, కింద రెండు గీతలు గీసిన సమత మాట ఉంది. "అంచుల నుంచి కంటికి కనబడని వెలుతురు వస్తుంది. దానికి ఏది అడ్డమొచ్చినా బోర్డు వేలే అనుకుంటుంది."

తలెత్తింది. ఫ్యాన్ గాలికి దండ ఊగుతోంది, చామంతులు తెరను తాకి తాకి పోతున్నాయి.

"ఫ్యాన్ బంద్ చేయుండ్రి," అన్నది. గీతలు ఆగాయి, కానీ తెర మీద పది చోట్ల చుక్కలు వణుకుతున్నాయి. బెంచీ ఎక్కి, దండను మెల్లగా విప్పి చేతుల్లోకి తీసుకుంది. బోర్డు చెప్పిన మాట వినే పిల్లలా నిలబడిపోయింది.

"ఏం లేదు సార్," అన్నది నాగేందర్‌తో. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "మనకు వేళ్లు పది. బోర్డుకు ఇయ్యాల రెండు వందల వేళ్లొచ్చినయి."

గదంతా నవ్వింది. నవ్వనిది ఒక్క అంతమ్మే. తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నా చేతులతోని ఆగం జేస్తి గద టీచరమ్మా," అన్నది.

ఆ మొహం చూసేసరికి వసంతకు పేర్చుకున్న మందార పాఠం గుర్తు రాలేదు. "ఆగమేం గాలే, లోపలికి రా అక్కా," అని పిలిచింది. ఫోన్‌ను బోర్డుకు కలిపింది. దండలోంచి ఒక చామంతి తీసి ఫోన్ కెమెరా కింద పెట్టింది. ఆరడుగుల బోర్డు నిండా పసుపుపచ్చని చామంతి విచ్చుకుంది. పిల్లలు ముందుకు వంగారు.

"ఇవి ఎన్ని పువ్వులు?"

"ఒక్కటే మేడం," అన్నారు అందరూ.

"అంతమ్మక్కా, నువ్వు చెప్పు. నీ చేనుల పువ్వు."

"ఒక్కటే గద టీచరమ్మా."

వసంత ఒక్క రేకను మొదలంటా పీకి కెమెరాకు ఇంకా దగ్గరగా పెట్టింది. రేక అడుగున, పాము నాలుకలా రెండుగా చీలిన చిన్న కొన కనబడింది. మామూలు కంటికి ఎన్నడూ ఆననిది. "పువ్వు లోపల పుప్పొడి పట్టుకునే కీలాగ్రం ఇది. అంటే ఈ రేక రేక కాదు, ఇదే ఒక పువ్వు. నడిమిట్ల ఉన్న ఈ పచ్చటి చుక్కలు కూడ ఒక్కొక్కటి ఒక్కో పువ్వు. చామంతి అంటే వంద పువ్వుల గంప."

చామంతి మళ్లలోనే పుట్టి పెరిగిన పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. అంతమ్మ బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి, తాకబోయి, చేయి వెనక్కి తీసుకుంది.

"తాకు అక్కా. ఏం కాదు," అన్నది వసంత.

అంతమ్మ వేలితో తాకింది. పువ్వు ఇంకా పెద్దదైంది. "నలభై ఏండ్ల సంది కోస్తున్న, ఇంత ముచ్చట దీని కడుపుల ఉన్నదని ఎరుకనే లేదు," అన్నది. నాగేందర్ సారు ఎప్పుడు లేచాడో, పిల్లల మధ్య నిలబడి తనూ ఒక చామంతి రేకలు పీకి చూస్తున్నాడు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

పోతూ పోతూ ఆయన రిజిస్టర్‌లో రాసింది ఒక్క ముక్కే, బోర్డు ఇక్కడే ఉండాలని. ఆయన బండి గేటు దాటగానే కృష్ణయ్య జేబులోంచి తాళంచెవి తీసి వసంత చేతిలో పెట్టాడు. "దుప్పటి ఇంటికి తీస్కపోత మేడం. చలికాలమొస్తున్నది," అన్నాడు.

సోమవారం పొద్దున వసంత గది తలుపు తీసేసరికి వెనకే గుమ్మంలో అంతమ్మ మూర చామంతి దండతో నిలబడి ఉంది. వసంత గాబరాగా బోర్డుకు అడ్డం నిలబడింది.

"ఫికర్ చేయకు. బోర్డుకు గాదు," అన్నది అంతమ్మ. "కొత్తగ ఏది నడిచినా పూలు పెట్టాలె గద. ఇక్కడ కొత్తగ నడిచింది నువ్వే."

వసంత కళ్లు నిండాయి. వెనక్కి తిరిగి తల వంచింది, అంతమ్మ ఆమె జడలో పూలు పెట్టింది. అంతలోనే పిల్లలు లోపలికి దూరి బోర్డు వేసి, మేడం కోసం చూస్తున్నారు.