మెడ పట్టినవాణ్ణి

నేను ఒక యాంటీబాడీని. కంటికి కనిపించను, కనిపించాలన్న సరదా కూడా లేదు. నా వృత్తి పగ. ఫ్లూ జ్వరం తెచ్చే వైరస్ ఒకడున్నాడు చూశారూ, ఆ దొంగవెధవ మీద పగ. వాడే లేకపోతే నేను పుట్టేవాణ్ణే కాదు. అయినా వాడికి నేనేమీ రుణపడి లేను.

రూపం చెప్పమంటే పంగలకర్రలా ఉంటాను. వాడు గుండ్రంగా, ఒళ్ళంతా మేకులు దిగ్గొట్టినట్టు ఉంటాడు. ప్రతి మేకుకూ ఒక తల, తల కింద మెడ. ఆ తలను మనిషి గొంతులో ఏదో ఒక కణానికి ఆనించి, చుట్టంలా లోపలికి దూరి, కాపురం పెట్టి, వేలకొద్దీ పిల్లల్ని కని, ఆ ఇల్లు కూల్చి మరీ బయటపడతాడు. మా జాతివాళ్ళు చాలామంది వాడి తల గుర్తు పెట్టుకుని తల మీద పడతారు. వాడేమో మాటిమాటికీ తల మార్చుకుని వస్తాడు. మావాళ్ళు పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళలా పాత తల కోసం వెతుక్కుంటూ తిరుగుతారు. నాకు ఆ తిరుగుడు లేదు. నేను మెడ పడతాను. తలకు ఎన్ని వేషాలైనా వేస్తాడు గానీ మెడ జోలికి పోతే వాడి బతుకే సాగదు. కణంలోకి దూరే ఒడుపంతా ఆ మెడలోనే ఉంది మరి. అది బిగించానంటే వాడు గుమ్మంలోనే గుడ్లు తేలేస్తాడు.

నేను పుట్టింది భీమవరం దాటాక కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో, గుబ్బల పెద్దిరాజు ఒంట్లో. జ్వరం వస్తే మెడ కింద బిళ్ళ కడుతుంది చూడండి, అదే మా కొలిమి. దేశమంతా మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగిన ఒకానొక ఫ్లూ ఏడాది పెద్దిరాజు మంచం పట్టాడు. అప్పుడు ఆ కొలిమిలో మమ్మల్ని రకరకాలుగా సాగదీసి, వంచి, సరిగ్గా పట్టనివాణ్ణి పారేసి, పట్టినవాణ్ణి మళ్ళీ కాల్చి, చివరికి నన్ను తేల్చారు. నన్ను పోసిన తల్లికణం ఎముక మూలుగలో చేరి నా అచ్చులు పోస్తూ కూర్చుంది. మాలో ఒక్కొక్కడి ఆయుష్షు కొన్ని వారాలే. అచ్చు ఒకటే గనక అందరి తరఫునా నేనే మాట్లాడుతున్నాను.

పెద్దిరాజు పందెం కోళ్ళను మేపేవాడు. మేపడమంటే మామూలుగా కాదు. పుంజుకు జీడిపప్పు, తనకు గంజి. పుంజుకు ఫ్యాను, పెళ్ళాం నాగరత్నానికి విసనకర్ర. ఆయనకు వాళ్ళ నాన్న నేర్పిన ఒక విద్య ఉంది. పుంజుకు గొంతులో కళ్ళె పట్టి గురక పెడితే, దాని ముక్కు నోట్లో పెట్టుకుని ఆ కళ్ళెను పీల్చి ఉమ్మేస్తాడు. ఇది వినగానే మీకు వాంతి వచ్చిందేమో, నాకు రోషం వచ్చేది. ఎందుకంటే ఆ పీల్పుతో నా ఇంట్లోకి ఎవడెవడు దిగేవాడో చూసేవాణ్ణి నేనే కదా.

ఒక శీతాకాలం చుట్టుపక్కల కోళ్ళఫారాల్లో కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. పక్షుల ఫ్లూ అన్నారు. తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ పట్టుకుపోయి పూడ్చడం మొదలెట్టారు. జనం వాళ్ళను తిట్టని తిట్టు లేదు. పెద్దిరాజు మాత్రం తిట్టకుండా నవ్వుతూ నాలుగు పెట్టల్ని అప్పగించి, తాసీల్దారు అని ముద్దుగా పిలుచుకునే నలుపూ ఎరుపూ కలిసిన కాకిడేగ పుంజును బాత్రూములో పెట్టి తాళం వేశాడు.

"మావా, అందరూ ఇచ్చేత్తన్నారు. దీన్నీ ఇచ్చెయ్యి" అంది నాగరత్నం. ఆయన ఆవిడకు మేనమామే.

"ఇది కోడేంటే? తాసీల్దారు."

"నీ తాసీల్దారుకి ముక్కు కారతంది. తల వాలేసింది."

"పడిశం పట్టిందే. ఒక్క పీల్పుకి పోద్ది."

"నోరా అది, తూమా? ఆ నోటితో నన్ను పిలవమాక."

పీల్చాడు. అయ్యా, ఆ రోజు వచ్చిన మంద గురించి ఎంత చెప్పినా తక్కువే. కొల్లేరు మొత్తం ఆ గొంతులోకి దిగినట్టుంది. వాడి కొత్త తల చూసి మావాళ్ళందరూ నోళ్ళు తెరిచి నిలబడ్డారు. అది మనిషి ఫ్లూ తల కాదు, పిట్టల ఫ్లూ తల. నేను కిందికి చూశాను. మెడ మాత్రం పాతదే! ఇక నమ్మితే నమ్మండి, మానితే మానండి, చేతికొక మెడ చొప్పున పట్టి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే కుదేశాను. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి పెద్దిరాజు గొంతు వాడి శవాలతో జారుడుబండ అయింది. ఆయనకు మాత్రం కాస్త ఒళ్ళునొప్పులు, రెండు తుమ్ములు.

అక్కడే చేశాడు తప్పు. "సూశావటే?" అన్నాడు పెళ్ళాంతో, రొమ్ము విరుచుకుని. "జబ్బు పిట్టయితే పీల్చినోణ్ణి నేను పోవాలి గదా! నాకేం కాలేదంటే దానికీ ఏం లేనట్టే."

నా గెలుపును పట్టుకుపోయి పుంజుకు ఆరోగ్యపత్రం రాసిచ్చాడు. గొంతు చించుకుని అరిచాను. నాకు గొంతు లేదు.

పుంజు రెట్టలు ఎత్తిపోసి ఆ బాత్రూము కడిగిందెవరు? నాగరత్నం. ఆవిడ ఒంట్లో నాలాంటివాడు లేడు. ముందు జ్వరం, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఊపిరి అందక ఈలలు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఇందుమతి గారని ఒకావిడ, ముక్కుసూటి మనిషి, మొదటే అడిగింది:

"ఇంట్లో కోళ్ళున్నాయా?"

"లేవండి, ఆయ్. ఎప్పుడో ఇచ్చేశావండి" అన్నాడు పెద్దిరాజు.

నేను ఆ నోటి వెనకే ఉన్నాను. పుట్టిన ఇంటి మీద పగ పుట్టడం నాకు అదే మొదలు. ఆ నాలుక కింద చిక్కుకుపోయి, ఎవడి మెడ పట్టుకోవాలో తెలియక ఉడికిపోయాను. డాక్టరమ్మ మామూలు నిమోనియా అనుకుని దానికి మందులిచ్చింది. పైన మందులు, లోపల వాడి సంసారం. నాగరత్నం గోళ్ళు నీలంగా మారాయి.

మర్నాడు డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, అనుమానం తీరక, అదే ప్రశ్న అడిగింది. పెద్దిరాజు మళ్ళీ "లేవండి" అనబోయాడు. మంచం మీద నాగరత్నం ముఖానికున్న ఆక్సిజన్ గొట్టం పీకేసింది.

"ఉందమ్మా. బాత్రూములో ఉంది. పొద్దున ఈయన ఇంటికెళ్ళింది నాకు చీర తేవడానిక్కాదు, దానికి దాణా వెయ్యడానికి."

డాక్టరమ్మ ఆయన్ని చూసిన చూపుకు నా తల్లికణం కూడా ఎముకలో ముడుచుకుంది. "నిన్న చెప్పుంటే సరైన మందు నిన్ననే పడేది. తెలుసా మీకు?"

"పుంజునయితే సంపేత్తారండి..."

"మీ ఆవిడ్నయితే ఫరవాలేదా?"

ఆయన గోడకు ఆనుకుని పక్కింటాయనకు ఫోను చేశాడు. "బాత్రూం తాళం బద్దలగొట్టి దాన్ని వాళ్ళకి ఇచ్చెయ్యండి బావగారూ. గుడ్డ కట్టుకోండి మూతికి" అని వలవలా ఏడ్చాడు. పెళ్ళాం కోసమో, పుంజు కోసమో నాకూ తెలియలేదు. కన్నీళ్ళలో మావాళ్ళు కొందరుంటారు గానీ కారణాలు వాళ్ళకు చెప్పరు.

ఫ్లూ మందు వేశారు. ఆలస్యమైందేమోనని డాక్టరమ్మ భయం. అంత కళ్ళె పీల్చినవాడు చెక్కుచెదరకుండా ఎలా ఉన్నాడని ఆయన రక్తం తీసి పరీక్షకు పంపింది. నేను పట్టుబడ్డాను. "మీ రక్తంలో పసుపురంగు నీరు తీసి ఆవిడకు ఎక్కిద్దాం. పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. మాటివ్వను" అంది.

"మొత్తం లాగేసుకోండి" అన్నాడు పెద్దిరాజు. నన్ను ఉద్దేశించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే.

సంచీలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి నాగరత్నంలోకి దిగాను. ఊపిరితిత్తుల్లో వాడు జాతర చేసుకుంటున్నాడు. నన్ను చూడగానే వాడి మేకులు వణికాయి. పెద్దిరాజు గొంతులో జరిగింది తగువైతే ఇది ఊచకోత. మందు ఒకవైపు వాడి పిల్లల్ని బయటికి రానివ్వలేదు. వచ్చినవాడి మెడ నేను వదల్లేదు. ఘనత నాదే అంటాను. మందు తనదే అంటుంది. డాక్టరమ్మ ఇద్దరికీ ఇవ్వకుండా "అదృష్టం" అని చెయ్యి కడుక్కుంది. మనుషుల తీర్పులు అలాగే ఉంటాయి.

నాగరత్నం బతికింది. ఇంటికి వచ్చింది. వచ్చిందే గానీ మొగుడితో మాట్లాడలేదు. "మీ ఆయన నెత్తురే నిన్ను బతికిచ్చిందంటగా వదినా" అని అమ్మలక్కలు మేలమాడితే, "ఆయన నోరే సంపబోయింది. దానికీ దీనికీ చెల్లు" అనేది.

ఊళ్ళో పెద్దిరాజు పేరు మాత్రం మోగిపోయింది. చావు జబ్బు పీల్చి అరిగించుకున్న మొనగాడట! ఒకనాడు పైఊరి నుంచి ఒకాయన గురక పెడుతున్న తెల్లటి సేతు పుంజును చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రాజుగారూ, ఒక్క పీల్పు. మీకేం కాదుగదా!"

పెద్దిరాజు పుంజు కళ్ళలోకి చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. లోపల నాగరత్నం కంచం పెడుతున్న చప్పుడు ఆగింది. ఆవిడలో నేను అప్పటికే పలచబడిపోయాను. అక్కడ నన్ను పోసే తల్లి లేదు. ఉన్నవాళ్ళం రోజురోజుకూ రాలిపోతున్నాం. ఆవిడ కొలిమి సొంతంగా పోసుకున్నవాళ్ళు తల పట్టేవాళ్ళే, వాడు తల మార్చుకొస్తే పనికిరారు. ఆ పెదవులు గనక ముందుకు వంగితే, ఈసారి ఆవిడ దగ్గర నిలబడడానికి మేం చాలం.

"పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళవయ్యా" అన్నాడు పెద్దిరాజు. "నాకేం కాదు. ఇంట్లో ఆడమనిషుంది."

పైఊరాయన గొణుక్కుంటూ పోయాడు. లోపలి నుంచి మాట వినిపించింది, చాలా కాలానికి.

"అన్నం పెట్టాను. చేతులు కడుక్కుని రా."

"ముట్టుకోలేదే రత్నం, ఒట్టు!"

"అయినా కడుక్కో. సబ్బుతో."

కడుక్కున్నాడు, మోచేతుల దాకా. ఆ నురగలో పడి, చేతికి అంటినవాడు ఎవడైనా ఉంటే వాడు పగిలి చచ్చి నీళ్ళలో కొట్టుకుపోయాడు. పగ లేదు, పంతం లేదు, మెడ వెతుక్కోవడం లేదు. నాగరత్నం నెత్తురులో మిగిలిన నలుగురం అది చూస్తూ నిలబడ్డాం. ఆ సబ్బుబిళ్ళ మీద నాకు అప్పుడు కలిగిన కోపం ఇంతా అంతా కాదు.